ప్రింటు బాకీ

పోయిన ఏడాది కార్తీక మాసంలో, రాజమండ్రి కోటిలింగాల రేవులో ఒక మామ్మగారు అన్న మాటతో ఇదంతా మొదలైంది. ఆవిడ అరటి దొప్పల్లో దీపాలు అమ్ముతారు. ఇంకా చీకటి ఉండగానే మెట్ల మీద గోనెపట్టా పరుచుకుని, దొప్పలు వరసగా పేర్చి, వత్తులు వేసి కూర్చుంటారు. ఆ దీపాల వెలుగు కిందనుంచి ఆవిడ మొహం మీద పడుతుంటే కెమెరా ఉన్నవాడెవడూ ఆగకుండా వెళ్ళలేడు. నేనూ ఆగాను. ఆ ఏడాదే కాదు, అంతకుముందు మూడేళ్ళూ ఆగాను.

ఆ రోజు నాలుగైదు ఫోటోలు తీసి లేవబోతుంటే అన్నారు: "ఏటా వచ్చి తీసుకెళ్తారు కదా బాబూ. నా ఫోటో ఎక్కడెక్కడ తిరుగుతుందో ఏమో, నేను మాత్రం ఒక్కటీ చూళ్ళేదు."

కోపంగా అనలేదు. దొప్పలో నూనె పోస్తూ, తలెత్తకుండానే అన్నారు. నాకేం చెప్పాలో తోచలేదు. ఒక దీపం కొని నీళ్ళలో వదిలి ఇంటికొచ్చేశాను.

ఇంటికొచ్చి హార్డ్ డిస్క్ వెతికితే నాలుగేళ్ళలో ఆవిడవి 31 ఫోటోలు తేలాయి. రెండు ఫేస్‌బుక్‌లో పెట్టాను. ఒకటి పోటీకి పంపాను, చివరి వడపోత దాకా వెళ్ళింది. 'లైటింగ్ అద్భుతం' అనీ, 'ఆ ముడతల్లో ఎన్ని కథలో' అనీ కామెంట్లు వచ్చాయి. ఆ కథల్లో ఒక్కటీ నాకు తెలియదు. అప్పటికి ఆవిడ పేరు కూడా తెలియదు.

ఏడాదిగా ఇదే ఆలోచిస్తున్నాను. నాకు తేలింది ఇది: మనిషి మొహం స్పష్టంగా కనపడేలా ఫోటో తీశామంటే, దాని ప్రింటు ఆ మనిషి చేతికి అందేదాకా ఆ పని పూర్తయినట్టు కాదు. చాలామంది దీన్ని మర్యాద అనుకుంటారు, కొందరు దయ అనుకుంటారు. నేను బాకీ అంటాను. ఇంకో మాట కూడా. ఏ ఫోటోని ఆ మనిషి చేతిలో పెట్టడానికి నాకు మొహం చెల్లదో, దాన్ని నలుగురి ముందూ పెట్టే హక్కు నాకు లేదు.

అనుకోవడం తేలికే. ఏడాదిపాటు చేశాక గానీ ఇందులో ఎన్ని చిక్కులున్నాయో తెలియలేదు.

సాయంత్రం నుంచి ఉదయానికి

మా ఊళ్ళో ఆదివారాలు కెమెరాలు పట్టుకుని తిరిగేవాళ్ళం పది పన్నెండు మందిమి ఉన్నాం. ఎక్కువగా సాయంత్రాలే వెళ్ళేవాళ్ళం. రాజమండ్రి గోదావరికి తూర్పు గట్టున ఉంది కాబట్టి సూర్యుడు అవతల కొవ్వూరు వైపు దిగుతాడు. 1997లో పూర్తయిన ఆర్చి వంతెన, దాని పక్కనే 1900 నాటి హేవ్‌లాక్ వంతెన, నారింజ రంగు తిరిగిన నీళ్ళు, మధ్యలో ఒక పడవ. ఆ వేళప్పుడు మనుషులంతా నల్లటి ఆకారాలే. వల విసిరేవాడైనా, బిందె ఎత్తుకున్న ఆవిడైనా ఒక గీత, అంతే. వాళ్ళెవరో మనకి తెలియనక్కర్లేదు, మనమెవరో వాళ్ళకీ తెలియనక్కర్లేదు. ఆ ఫోటోలు ఇప్పటికీ నాకిష్టమే. కానీ నాలుగేళ్ళవి ఒకచోట పెట్టి చూస్తే ఏది ఏ ఏడాదిదో తీసిన నేనే చెప్పలేకపోయాను.

మామ్మగారు ఆ మాట అన్నాక ఉదయాలకి మారాను. పొద్దున్న ఎండ ఊరి వైపు నుంచి, మెట్ల మీద నిలబడ్డ మన వీపు వెనకనుంచి వస్తుంది. నీళ్ళలో నిలబడి అర్ఘ్యం ఇచ్చేవాళ్ళు తూర్పుకి తిరుగుతారు, అంటే మన వైపే. వెలుగంతా మొహాల మీదే. చూపులు కలుస్తాయి. కలిశాక పలకరించకుండా షట్టర్ నొక్కడం నా వల్ల కాలేదు. దూరం నుంచి తీసే 200 ఎం.ఎం. లెన్స్ బ్యాగులోనే ఉండిపోయింది, 50 ఎం.ఎం. బయటికొచ్చింది. దానితో మొహం తీయాలంటే ఐదారడుగుల దగ్గరికి వెళ్ళాలి. అంత దగ్గరికి వెళ్ళినవాడు నోరు తెరిచి మాట్లాడక తప్పదు.

మా ఊళ్ళోనే దామెర్ల రామారావు గారి చిత్రకళా మందిరం ఉంది. 1925లో, ముప్పై నిండకుండానే పోయారాయన. ఆ బొమ్మల ముందు నిలబడినప్పుడల్లా ఒకటే అనిపిస్తుంది. మనిషి బొమ్మ వేయాలంటే వేసేవాళ్ళూ కూర్చోవాలి, ఎదుటివాళ్ళూ కూర్చోవాలి. ఇద్దరికీ ఓపిక ఉండాలి. నాకు సెకనులో 250వ వంతు చాలు. ఆ ఆదా అయిన కాలంలో కొంతైనా ఎదుటి మనిషికి ఇవ్వాలి కదా అనిపిస్తుంది.

ఆదివారం నుంచి ఆదివారం

ఆదివారం తీస్తాను, బుధవారం లోపు ప్రింట్లు వేయిస్తాను, మళ్ళీ ఆదివారం పట్టుకెళ్ళి ఇస్తాను. 4×6 సైజు, మ్యాట్. ఒక్కోటి పదిహేను రూపాయలు, నెలకి మూడు నాలుగు వందలు దాటదు. ఎర్ర అట్ట నోటుపుస్తకం ఒకటి పెట్టుకున్నాను. పేరు చెప్పినవాళ్ళది పేరు, చెప్పనివాళ్ళవి గుర్తులు. 'బజ్జీల బండి, నీలం చొక్కా'. 'మూడో మెట్టు, కవల పిల్లల తల్లి'.

తీయగానే ప్రింటు బయటికొచ్చే ఇన్‌స్టాక్స్ కెమెరా కొనుక్కుంటే అప్పటికప్పుడే ఇచ్చేయొచ్చు కదా అని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. మంచి సలహానే. ప్రయాణంలో, మళ్ళీ వెళ్ళలేని ఊళ్ళో అయితే అంతకంటే దారి లేదు. కానీ నా ఊళ్ళో నాకు అది వద్దనిపించింది. మొదటిసారి వెలుగు చూసి ఆగుతాం. రెండోసారి మనిషిని వెతుక్కుంటూ వెళ్తాం. "ఇక్కడ ఉడికించిన శనగలమ్మే ఆయన ఏరండీ?" అని నలుగుర్నీ అడగాలి. అడిగితే ఆయనకి మోకాళ్ళ నొప్పులని, వారంలో మూడు రోజులే వస్తున్నాడని, మిగతా రోజులు బండి కొడుకు నడుపుతున్నాడని తెలుస్తుంది. అప్పటికప్పుడు ప్రింటు చేతిలో పెట్టి వచ్చేస్తే ఇదేమీ తెలిసేది కాదు.

ప్రింట్లు వేయించడంతో ఫోటోగ్రఫీ కూడా మళ్ళీ మొదట్నుంచి నేర్చుకున్నాను. స్క్రీన్ తనంతట తను వెలుగుతుంది, కాగితానికి గదిలో ఉన్న వెలుగే దిక్కు. స్క్రీన్ మీద సరిగ్గా ఉన్న మొహం కాగితం మీద నల్లబడి వస్తుంది. వెలుగు కొంచెం, ఫోటోగ్రాఫర్ల లెక్కలో అరస్టాప్, పెంచి పంపడం అలవాటు చేసుకున్నాను. ఫోన్‌తో తీసినవి 4:3లో ఉంటాయి, ఈ కాగితమేమో 3:2. చూసుకోకుండా ఇస్తే అడ్డంగా తీసిన ఫోటోకి మెషీన్ పైనా కిందా కోసేస్తుంది. ఒకసారి అలా నడినెత్తి తెగిపోయిన ఫోటో ఒక పెద్దాయనకి ఇచ్చాను. ఆయన దాన్ని రెండు చేతులతో తీసుకుని కళ్ళకద్దుకున్నారు. ఆ క్షణంలో నాకు తల కొట్టేసినట్టయింది. మర్నాడే సరిగ్గా వేయించి తీసుకెళ్ళాను. అప్పట్నుంచి ప్రతి ఫోటో నేనే కాగితం కొలతకి కత్తిరించి ఇస్తున్నాను.

రంగు సంగతి ఇంకా తేలలేదు. ల్యాబులో కరెక్షన్ వేస్తే అందరూ ఒక ఛాయ తెల్లబడతారు. అందుకని 'కరెక్షన్ వద్దు' అని రాసిస్తాను. పూలదండలు కట్టే ఒక అమ్మాయి ప్రింటు చూసి, "కొంచెం తెల్లగా చేసి ఇవ్వరా అంకుల్?" అంది. ఉన్న రంగే బాగుందమ్మా అన్నాను. నిజంగానే బాగుంది. కానీ ఆ ఫోటో ఆమెదే అని ఇన్ని మాటలు చెప్పే నేను ఆమె అడిగినట్టు ఎందుకు చేయలేదు? నల్లగా ఉందని ఎన్ని మాటలు పడి ఉంటుందో, ఎవరికి చూపించాలని అడిగిందో. నా ఇష్టం ఆమె మీద రుద్దానా, లేక అబద్ధం చెప్పడానికి ఒప్పుకోలేదా? రెండూ నిజమే అనిపిస్తుంది. ఆ అమ్మాయి ప్రింటు తీసుకుంది. రెండోసారి అడగలేదు. అడిగి ఉంటే చేసి ఇచ్చేవాణ్ణి అనుకుంటున్నాను.

సహజత్వం పోతుందంటారు

మా బృందంలో ఒక పెద్దాయన ఉన్నారు. ఫిల్మ్ రోజుల నుంచీ తీస్తున్నారు. అపర్చర్ అంటే ఏమిటో నాకు నేర్పింది ఆయనే. ఆయన అభ్యంతరం గట్టిది. "నువ్వు ప్రింట్లు పంచడం మొదలెట్టాక రేవులో అందరూ స్టూడియోలో నిలబడ్డట్టు నిలబడుతున్నారు. ఇంక తియ్యడానికి ఏం మిగిలిందిరా?"

నిజమే. రేవులో బట్టలుతికే ఒకాయన ఉన్నాడు. తడి దుప్పటి తిప్పి బండకేసి కొడుతుంటే నీళ్ళు విసనకర్రలా విచ్చుకుని ఎండలో మెరిశాయి. సెకనులో వెయ్యో వంతులో పట్టిన ఆ ఫోటో నేను తీసిన మంచి ఫోటోల్లో ఒకటి. ప్రింటు ఇచ్చాను. తర్వాతి వారం నన్ను చూడగానే పని ఆపేసి, గట్టు మీద పెట్టుకున్న చొక్కా తొడుక్కుని, తల దువ్వుకుని వచ్చి నిలబడ్డాడు. నిటారుగా, చేతులు పక్కకి ఆన్చి. "ఇప్పుడు తియ్యండి సార్" అన్నాడు. ఆ నీళ్ళ విసనకర్ర నాకు మళ్ళీ దొరకలేదు.

కొన్నాళ్ళు బాధపడ్డాను. ఒకరోజు ఆ రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టుకున్నాను. మొదటిదాన్ని నేను సహజం అంటున్నాను. ఆయన దృష్టిలో అది ఒంటి మీద చొక్కా లేకుండా, పనిలో ఉండగా, చెప్పకుండా తీసింది. రెండోదాన్ని నేను కృత్రిమం అంటున్నాను. ఆయన మటుకు తనని లోకం ఎలా చూడాలనుకుంటాడో అలాగే నిలబడ్డాడు. మన ఇళ్ళల్లో గోడల మీద తాతలూ నాయనమ్మలూ కుర్చీ పట్టుకుని బిగుసుకుని నిలబడ్డ ఫోటోలే కదా ఉన్నాయి. వాటిని మనమెవరం కృత్రిమం అనం, దుమ్ము తుడుచుకుని చూసుకుంటాం.

అలాగని పెద్దాయన మాట కొట్టిపారేయను. మొదటిది గొప్ప ఫోటో, రెండోది మామూలు ఫోటో. ప్రింట్లు ఇవ్వడం వల్ల కొన్ని మంచి ఫోటోలు పోగొట్టుకున్నాను, ఇకముందూ పోగొట్టుకుంటాను. ఆ నష్టం నాకు తెలుసు.

"గొప్ప ఫోటోలు తీసినవాళ్ళెవరైనా ప్రింట్లు పంచారా?" అని కూడా అడిగారాయన. దీని గురించి చాలా చదివాను. 1936లో కాలిఫోర్నియా బఠాణీ చేల దగ్గర, వలస కూలీల శిబిరంలో అమెరికన్ ఫోటోగ్రాఫర్ డొరోతియా లాంగ్ తీసిన 'వలస తల్లి' ఫోటో చాలా ప్రసిద్ధం. ఆ తల్లి ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని లోకానికి తెలిసింది 1978లో. తన పేరు అడగలేదని, ఒక కాపీ పంపుతానని చెప్పి పంపలేదని ఆవిడ వాపోయారు. ఆ ఫోటో పత్రికలో పడ్డాక ప్రభుత్వం ఆ శిబిరానికి ఆహారం పంపించింది. అది చేరేటప్పటికి ఆ తల్లీ పిల్లలూ అక్కడ లేరు. 1984లో స్టీవ్ మెకరీ శరణార్థి శిబిరంలో తీసిన ఆకుపచ్చ కళ్ళ అఫ్ఘాన్ బాలిక షర్బత్ గులాకి, 2002లో మళ్ళీ వెతికి పట్టుకునేదాకా తన ఫోటో ఎలా ఉందో తెలియదు. అప్పటికి ఆ మొహం ప్రపంచమంతా ఎరుగును.

ఆ ఫోటోలు తీయకుండా ఉండాల్సిందని నేననను. తీయాల్సిందే. కానీ థాంప్సన్ అడిగింది ఒక్క కాపీ. అది పంపడం వల్ల ఆ ఫోటో గొప్పతనం ఆవగింజంత కూడా తగ్గేది కాదు.

ఏటా ఆగస్టు 19న మనం ఫోటోగ్రఫీ దినోత్సవం జరుపుకుంటాం. 1839లో ఆ రోజున ఫ్రాన్స్‌లో డాగెర్ అనే ఆయన ఫోటో తీసే పద్ధతిని లోకానికి వెల్లడి చేశారు. ఆ పద్ధతిలో నెగటివ్ లేదు. వెండి పూత పూసిన రాగి రేకు మీద ఒకే ఒక్క బొమ్మ. దాన్ని ఎవరిది వాళ్ళు ఇంటికి తీసుకెళ్ళేవారు, తీసినవాడి దగ్గర ఏమీ మిగిలేది కాదు. ఇంగ్లండ్‌లో టాల్బాట్ కనిపెట్టిన నెగటివ్ పద్ధతి నిలదొక్కుకున్నాక తీసినవాడి దగ్గర నెగటివ్, తీయించుకున్నవాళ్ళ దగ్గర ప్రింటు ఉండేవి. ఇప్పుడు మా ఆదివారాల్లో రెండూ మా దగ్గరే ఉంటున్నాయి. ఎదుటి మనిషి చేతులు ఖాళీ.

"నేను తీసుకోనండీ"

ఇక్కడిదాకా రాసింది చదివితే ప్రింటు ఇస్తే అందరూ సంతోషిస్తారని అనుకోవచ్చు. కడియపులంక పూల మార్కెట్‌లో జరిగింది చెప్పాలి.

తెల్లవారేసరికి అక్కడ బంతి, చేమంతి మూటలు దిగుతుంటాయి. మూట నెత్తిన పెట్టుకుని వస్తున్న ఒక కుర్రాణ్ణి తీశాను. మూట పిగిలిన చోట నుంచి బంతిపూలు భుజం మీద రాలుతున్నాయి. తర్వాతి వారం ప్రింటు తీసుకెళ్ళి ఇచ్చాను. చూశాడు. చుట్టూ ఒకసారి చూసి, తిరిగి నా చేతిలో పెట్టేశాడు. "నేను తీసుకోనండీ. నర్సరీలో లెక్కలు రాస్తున్నానని ఇంటికాడ చెప్పాను. ఇది ఎక్కడా పెట్టకండి." అతను డిగ్రీ చదివాడని పక్కనున్నవాళ్ళు తర్వాత చెప్పారు.

ఆ ఫోటో అప్పటికే పెట్టేశాను. అతని ముందే ఫోన్ తీసి, పేజీలోంచి తొలగించాను. అక్కడే ఒక ప్రశ్న పట్టుకుంది. ప్రింటు తీసుకెళ్ళకపోతే అతనికి ఈ సంగతి తెలిసేదే కాదు. హాయిగా ఉండేవాడేమో. నేను వెళ్ళి అతనికి లేని భయం ఒకటి తెచ్చిపెట్టానా? రెండు రోజులు నిద్ర పట్టలేదు. కానీ ఆ ఫోటోని వాళ్ళ ఊరివాళ్ళు ఎవరో ఒకరు చూసే వీలు ముందు నుంచీ ఉంది. ప్రింటు ఇవ్వకపోతే ఆ ప్రమాదం ఉన్నట్టు అతనికి తెలియదు, నాకూ తెలియదు. ఇప్పుడు కనీసం వద్దని చెప్పే అవకాశం అతనికి వచ్చింది. అప్పట్నుంచి వరస మార్చాను. ముందు ప్రింటు, వాళ్ళు చూశాక, అడిగాక, ఆ తర్వాతే ఎక్కడైనా పెట్టడం. ఫేస్‌బుక్‌లో నా ఫోటోలు పది రోజులు ఆలస్యంగా వస్తున్నాయంటే కారణం ఇదే.

గుంపుల సంగతి వేరు. శివరాత్రికి రేవులో వేల మందిలో ఎవరికని ఇస్తాం? అక్కడ నేను వీపులు, చేతులు, నీళ్ళ మీద దీపాలు తీసుకుంటున్నాను. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. ఎన్ని లక్షల కెమెరాలు దిగుతాయో ఊహించగలను. స్నానం చేస్తున్న ఆడవాళ్ళని దూరం నుంచి పెద్ద లెన్సులతో తీసి 'భక్తి' అని పేరు పెట్టే ఫోటోలు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ ప్రింటు తీసుకెళ్ళి ఆవిడకి ఇవ్వగలరా వాళ్ళు?

మూడు వారాల ఆలస్యం

ఒక పడవాయన. ఇసుక పడవల మీద చాలా ఏళ్ళు పనిచేసి, తర్వాత చిన్న నాటుపడవ మీద జనాన్ని లంకలోకి దించేవారు. ఫిబ్రవరిలో ఒక మంచు పొద్దున తెడ్డు ఒళ్ళో పెట్టుకుని చుట్ట ముట్టించుకుంటుంటే అడిగి తీశాను. పొగా, మంచూ కలిసిపోయాయి. నాకు అది చాలా నచ్చింది. నచ్చినందువల్లే ఆలస్యమైంది. మంచు కొంచెం నీలంగా వచ్చిందని ఒక వారం, మొహం ఇంకొంచెం తేలాలని ఒక వారం, పెద్ద సైజు వేయిద్దామని మరో వారం.

8×12 ప్రింటు పట్టుకుని వెళ్ళేసరికి పడవ గట్టున బోర్లించి ఉంది. నాలుగు రోజుల క్రితమే పోయారట. ఇల్లు అడుక్కుంటూ వెళ్ళాను. వాకిట్లో కుర్చీ మీద దండ వేసిన ఫోటో ఉంది. ఆధార్ కార్డులో ఫోటోనే పెద్దది చేయించారు. చుక్కలు చుక్కలుగా, కళ్ళు ఎటు చూస్తున్నాయో తెలియకుండా ఉంది. వాళ్ళ దగ్గర అదొక్కటే ఉందట.

నా కవరు తీసుకుని వాళ్ళమ్మాయి విప్పింది. చాలాసేపు ఏమీ అనలేదు. లోపలికి వెళ్ళి తల్లికి చూపించింది. లోపల్నుంచి ఏడుపు వినపడింది. బయటికొచ్చి, "ఇది మీరు పోయిన నెల్లోనే తీశారా అన్నయ్యా?" అంది. అవునన్నాను. "నాన్న అడిగేవోరు, ఫోటో తీసినాయన మళ్ళీ రాలేదేంటి అని."

నేను ఆ మాటకి జవాబు చెప్పలేదు. నీలం రంగు సరిచేస్తున్నానని చెప్పనా? ఆ తర్వాత ఏ ప్రింటూ వారం దాటి నా దగ్గర ఉంచుకోలేదు. రంగు ఎలా ఉంటే అలాగే ఇస్తున్నాను.

తీగ మీద

మామ్మగారి 31 ఫోటోలూ ప్రింట్లు వేయించి, ఆ కార్తీకం వెళ్ళేలోపే తీసుకెళ్ళాను. మెట్ల మీదే ఒక్కొక్కటీ తిప్పుతూ చూశారు. పోటీకి పంపినది, అందరూ మెచ్చుకున్నది, దీపం వెలుగులో మొహం మాత్రమే ఉన్నది, త్వరగా తిప్పేశారు. ఒకదాని దగ్గర ఆగారు. అది నేను ఎప్పుడూ పట్టించుకోని ఫోటో. ఫ్రేము అంచున, కొంచెం ఫోకస్ తప్పి, ఒక చిన్న పిల్ల దొప్పలు లెక్కపెడుతోంది. ఆవిడ మనవరాలట. రెండేళ్ళ క్రితం తండ్రి పనికోసం హైదరాబాద్ వెళ్తే వాళ్ళతో వెళ్ళిపోయింది. "నాతో కలిసి కూర్చుందని ఎవరికన్నా చెప్తే నమ్మేవోరు కాదు" అన్నారు. ఆ ఒక్కటీ పెద్దది చేయించమన్నారు. మిగతావి సంచిలో పెట్టుకున్నారు.

ఇచ్చే మనిషి దొరకని ప్రింట్లు కూడా ఉంటాయి. యాత్రకి వచ్చినవాళ్ళు, ఒక్కరోజు పనికి వచ్చినవాళ్ళు. నాలుగు నెలల క్రితం రేవు ఎదురుగా టీ కొట్టాయన ఒక ఉపాయం చెప్పాడు. కొట్టు చూరు కింద తీగ కట్టి, బట్టల క్లిప్పులతో వాటిని అక్కడ తగిలించమన్నాడు. అడిగి తీసినవి, నలుగురూ చూసినా ఇబ్బంది లేనివి మాత్రమే తగిలిస్తున్నాను. టీ తాగడానికి వచ్చినవాళ్ళు చూస్తారు. "ఈయన మా వీధే" అని ఎవరో ఒకరు పట్టుకెళ్తారు.

మొన్న ఆదివారం వెళ్తే తీగ మీద ఉన్న తొమ్మిదింటిలో మూడు లేవు. కవల పిల్లల తల్లి ఫోటో ఇంకా అక్కడే ఉంది. ఎండ తగిలి పాలిపోయింది. దాన్ని తీసి బ్యాగులో పెట్టుకుని, బుధవారం మళ్ళీ వేయించాలని నోటుపుస్తకంలో రాసుకున్నాను.